డి డ్రైవ్

నాలుగున్నరకి ఐసు ఫ్యాక్టరీ గేటు తీస్తాను.
హార్బరు మీంచి డీజిలు వాసన, ఎండు నెత్తళ్ల వాసన
నాకంటే ముందే లోపలికొచ్చి కూర్చుంటాయి.
కంప్యూటర్ బటన్ నొక్కుతాను.
ఇక పదకొండు నిమిషాలు.

నల్లటి తెర. మధ్యలో కంపెనీ పేరు.
కింద చుక్కలు తిరుగుతాయి, తిరుగుతూనే ఉంటాయి.
బయట ట్రాలీ ఆటోల హారన్లు.
"ఏటి మేడమ్, ఇంకా నెగనేదా నీ డబ్బా?"
కొక్కెం భుజానేసుకుని అసిరయ్య.
బిల్లు లేనిదే దిమ్మ కదలదు.
దిమ్మ కరగడం మాత్రం బిల్లు కోసం ఆగదు.

మొదట తప్పు నాదేననుకున్నాను.
బటన్ నొక్కగానే ఎగబడే ప్రోగ్రాములు పద్నాలుగు,
ఒక్కొక్కదాన్నే నిద్రపుచ్చాను.
రాత్రంతా వైరస్‌లు వెతికించాను
(నాలుగు దొరికాయి, పాపం, వాటి వల్ల కాదు).
డాబాగార్డెన్స్ వెళ్లి
పదిహేడు వందలు పోసి ర్యామ్ తెచ్చాను.
పదకొండు నిమిషాలు పదకొండు నిమిషాలే.
"ఉప్పుగాలమ్మా, ఇక్కడ ఇనుమే బతకదు" అంటూ
ఓనరు పెంటారావు గారు అగరొత్తి వెలిగించి
డబ్బా చుట్టూ మూడుసార్లు తిప్పారు.

ఆదివారం మూత విప్పాను.
దుమ్ము, తుప్పు కక్కిన మరలు,
వెల్లకిలా ఎండిపోయిన బొద్దింక ఒకటి.
కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టాను.
ట్రిక్.
ఆగి,
ట్రిక్.
మొదటి డిస్కు కాదు, కింది అరలోది, రెండోది,
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న సూరప్పడు గారి నాటిది,
పాత బాకీల డి డ్రైవ్.

ఎర్ర కేబుల్ మార్చాను. ఇంకో చోట గుచ్చాను.
అదే ట్రిక్.
విసుగొచ్చి అసలు కేబులే పీకేసి బటన్ నొక్కాను.
ఇరవై రెండు సెకన్లు.
టీ గ్లాసు ఇంకా పెదవి దాకా రాలేదు.

అంటే ఇన్నాళ్లూ
రోజూ తెల్లారకుండానే ఇది
"ఉన్నావా?" అని దాన్ని పిలుస్తోంది.
పలక్కపోతే ఆగి, మళ్లీ పిలుస్తోంది.
పోయిన తుఫానుకి వైర్‌లెస్ గదిలో ఎరకమ్మ
మైకు వదలకుండా పోలారావు బోటు నంబరు పిలిచినట్టు.
ఆ బోటు మూడోనాడు ఇంజను చచ్చి
పూడిమడక దగ్గర తేలింది.
ఇది తేలదు.
ఎన్నిసార్లు పిలవాలని దీనికి ఎవరు రాసిపెట్టారో గానీ
అన్నిసార్లూ పిలిచాకే ముందుకి కదిలేది.

డిస్కుని విడిగా చిన్న పెట్టెలో బిగించాను.
పని ఉన్నప్పుడే వైరు గుచ్చడం.
మూడు రాత్రులు కాపీ.
వేడెక్కితే అలుగుతుంది,
అందుకని కవర్లో చుట్టిన ఐసు ముక్క పక్కన.
మాకు కొదవ లేనిది అదొక్కటే కదా.
వచ్చినవి వచ్చాయి.
రెండువేల పదిహేడు రాలేదు.
ఆ ఏటి అప్పులన్నీ
ట్రిక్ అన్న చోటే ఉండిపోయాయి.

ఈ కబురు జెట్టీ చేరడానికి
ఇరవై రెండు సెకన్లు కూడా పట్టలేదు.
మర్నాడు గుమ్మంలో పోలారావు,
చేతిలో తోక పట్టుకున్న కోనాం చేప.
"పోయిన నెక్కల్లో నాది కూడా ఉందేటి మేడమ్?"
ఉందో లేదో నాకూ తెలీదు.
తెలీదనే చెప్పాను.
చాలాసేపు తల గోక్కున్నాడు.
సముద్రం వైపు చూశాడు, ఎరకమ్మ వైపు చూశాడు.
"నలభై రెండు దిమ్మలు. నాకు గేపకమే. రాసీ."
రాశాను.
చేపకి డబ్బులిస్తానంటే తీసుకోలేదు.
మిగతా బోట్లవాళ్లు మాత్రం
వారం రోజులుగా మా గేటు ముందు
చాలా వేగంగా నడుస్తున్నారు.

ఇప్పుడు డి డ్రైవ్
స్టాంపు ప్యాడ్ల సొరుగులో ఉంది.
చేతికొచ్చిన ఆ పది నిమిషాలు
ఏం చేసుకోవాలో ఇంకా తెలిసి రాలేదు.
తెర వెలిగే ఉంటుంది, బిల్లు చింపి చేతిలో పెడతాను,
అయినా అసిరయ్య కొక్కెం గోడకానించి
అలవాటు కొద్దీ అడుగుతాడు:
"నెగిందా?"